భారీ శునకానికి ఫ్రెంచి బారసాల

కుక్కపిల్లకు పేరు పెట్టడం కూడా ఒక సమస్యేనా అని మీరు నవ్వొచ్చు. నేనూ నవ్వాను. 2023 చివర్లో ఒకనాటి రాత్రి పదిన్నరకి మా మిత్రుడు ఫోన్ చేసేవరకూ!

"ఒరేయ్, సినిమాల గురించి నీకు తెలీనిది లేదని ఊరంతా చెప్పుకు తిరుగుతావుగా... ఒక మంచి ఫ్రెంచి పేరు చెప్పు" అన్నాడు.

"ఎవరికిరా? కొత్త హీరోయిన్‌కా?" అన్నాను, ఆశగా.

"కాదు, కుక్కకి."

ఫోన్ పెట్టేద్దామనిపించింది. కానీ ఆ ఆదివారం మూసారాంబాగులో వాళ్లింటికి వెళ్లి సదరు కథానాయకుణ్ణి చూశాక సమస్య తీవ్రత అర్థమైంది. మూడు నెలల పిల్ల. ఒళ్లంతా ఇటుకపొడి రంగు. ముఖం నిండా ముడతలు, పుట్టుకతోనే ఏదో అప్పుల్లో ఉన్నట్టు. కాళ్లు చూస్తే పెద్దన్నయ్య చెప్పులు తొడుక్కున్న పిల్లాడిలా ఉన్నాడు. ఇక తలకాయ... అది తల కాదు, గుమ్మడికాయ!

ఆ జాతి పేరు డోగ్ ద బోర్దో. నైరుతి ఫ్రాన్సులోని బోర్దో పట్నం పేరు మీద వచ్చిన కాపలా కుక్క. జాతి లక్షణాల ప్రకారం ఎదిగిన మగకుక్క బరువు కనీసం 50 కిలోలు, భుజం దగ్గర ఎత్తు 60 నుంచి 68 సెంటీమీటర్లు. అంటే నా కంటే ఓ పది కిలోలే తక్కువ.

ఈ కుక్కను మీలో చాలామంది చూసే ఉంటారు. 1989లో టామ్ హ్యాంక్స్ నటించగా రోజర్ స్పాటిస్‌వుడ్ తీసిన 'టర్నర్ అండ్ హూచ్' గుర్తుందా? ఇల్లు అద్దంలా ఉంచుకునే పోలీసాయన నెత్తిన ఒక చొంగ కార్చే మహాకాయుణ్ణి రుద్దుతారు. ఆ మహాకాయుడే ఈ డోగ్ ద బోర్దో. తెర మీద ముఖ్యంగా నటించిన కుక్క అసలు పేరు బీస్లీ. హ్యాంక్స్ ఎంత బాగా చేసినా, క్లోజప్‌లో ఆ ముడతల ముఖం వచ్చిందంటే ప్రేక్షకుల కళ్లన్నీ దాని మీదే.

మరి హూచ్ అంటే ఏమిటంటారా? అమెరికా యాసలో నాటుసారా. ఫ్రాన్సు దేశపు ఘనమైన కుక్కజాతి హాలీవుడ్ వెళ్లి గుడుంబా అనే పేరుతో పేరు తెచ్చుకుందన్నమాట!

సరిగ్గా అదే మా వాడి బాధ. "అమెరికావాడు చేసిన పని నేను చెయ్యను. ఫ్రాన్సు కుక్కకు ఫ్రాన్సు పేరే పెట్టాలి. అదీ వింటే గుండె జారేలా ఉండాలి" అన్నాడు. చేతిలో అప్పటికే ఒక డిక్షనరీ. అందులో ఒక మాట కింద ఎర్ర పెన్సిలు గీత. బూరో.

"అంటే?"

"తలారి. ఉరి తీసేవాడు. ఎలా ఉంది?"

చిరంజీవి ఆ సమయంలో నా చెప్పు నాకుతున్నాడు.

అన్నట్టు, ఫ్రాన్సులో అయితే మా వాడికి ఇంత స్వేచ్ఛ ఉండేది కాదు. అక్కడ జాతి కుక్కలకు ఒక వంశావళి పుస్తకం ఉంది. అందులో ఎక్కే కుక్కలకు ఏ సంవత్సరం పుడితే ఆ సంవత్సరపు అక్షరంతో పేరు మొదలవ్వాలి. 1926లో A తో ఈ పద్ధతి మొదలైంది. ఇప్పుడు K, Q, W, X, Y, Z లను వదిలేస్తారు, వాటితో పేర్లు దొరకడం కష్టమని. మిగిలిన ఇరవై అక్షరాలూ ఇరవయ్యేళ్లకు ఒక చుట్టు తిరుగుతాయి. 2005లో A వచ్చింది, మళ్లీ 2025లో A వచ్చింది. 2026కి B.

ఇది మనకు కొత్తేం కాదు. అశ్వినీ నక్షత్రంలో పుడితే చూ, చే, చో, లా అని పంతులుగారు నాలుగక్షరాలు చెప్పడం, పిల్లాడి తండ్రి చోళరాజు దగ్గర్నుంచి లావణ్య దాకా వెతుక్కోవడం మనింట్లో చూసినదే కదా! మనకు నక్షత్రం, వాళ్లకు క్యాలెండరు. ఈ ఏర్పాటులో ఒక సుఖం ఉంది. పార్కులో ఎదురైన కుక్క పేరు వినగానే దాని వయసు లెక్కకట్టేయొచ్చు. హీరోయిన్లకు ఇలాంటి పద్ధతి లేకపోవడం వాళ్ల అదృష్టం.

మా వాడి కుక్క పుట్టింది 2023లో. ఆ ఏడాది అక్షరం U. ఫ్రాన్సులో ఆ సంవత్సరం కుక్కపిల్లలు కన్నవాళ్లు, అదే, కుక్కపిల్లలున్నవాళ్లు ఎంత అవస్థపడ్డారో ఊహించుకోండి. గట్టిగా చెప్పుకోదగ్గది ఒక్కటి ఉంది. యులిస్. గ్రీకు వీరుడు ఒడిసియస్‌కు ఫ్రెంచివాళ్ల పేరు. ఇరవయ్యేళ్ల తర్వాత మారువేషంలో ఇంటికొస్తే ఆయన్ని గుర్తుపట్టింది ముసలి కుక్క ఆర్గోస్. అలాంటి యజమాని పేరు కుక్కకు పెట్టడం న్యాయమే. చెప్పాను. మా మిత్రుడి శ్రీమతి వంటింట్లోంచే తేల్చేశారు: "వద్దన్నయ్యగారూ, మా వీధివాళ్లు రేప్పొద్దున్నే ఉల్లి అంటారు."

ఆ ముక్కలో ఉంది అసలు కిటుకంతా. ఫ్రెంచి పేరు పెట్టేది డిక్షనరీ చూసి, పిలిచేది వీధి.

ఫ్రెంచివాళ్లు రాసిందంతా పలకరు. 'లూ' అంటే తోడేలు. రాతలో చివర P ఉంటుంది గానీ పలుకులో ఉండదు. ఇంగ్లీషు చదువుకున్న మనవాళ్లు ఆ అక్షరాలు చూసి 'లూప్' అంటారు. 'కొస్తో' అంటే కండలు తిరిగినవాడు, బలిష్ఠుడు. ఈ కుక్కకు కొలతలు తీసి కుట్టినట్టుంటుంది. కానీ రెండు రోజుల్లో అది 'కోస్తా' అవుతుంది. హైదరాబాదులో కుక్కను కోస్తా అని పిలిచి, "కోస్తా, కూర్చో!" అంటే ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. 'గాస్తోఁ' అని ఫ్రాన్సులో పాతకాలపు మనుషుల పేరొకటుంది. అది మన నోట 'గస్తీ' అవుతుంది. కాపలా కుక్కకు ఇంతకంటే ఏం కావాలి? నాకు తెగ నచ్చింది. మా వాడికి నచ్చలేదు.

డ్యూమా 1844లో రాసిన 'త్రీ మస్కిటీర్స్' వైపు వెళ్లాను. ముగ్గురు వీరుల్లో బలవంతుడు పోర్తోస్. పెద్ద ఒళ్లు, పెద్ద గొంతు, పెద్ద ఆకలి, మనసు మాత్రం పసిపిల్లాడిది. పెద్ద కుక్కలకు ఈ పేరు సరిగ్గా అతుకుతుంది. "విలన్ కాదుగా వాడు" అని కొట్టిపారేశాడు.

నెపోలియన్? డిస్నీవాళ్లు 1970లోనే వాడేశారు. పారిస్‌లో కథ జరిగే 'అరిస్టోక్యాట్స్' కార్టూన్ సినిమాలో నెపోలియన్ ఒక బ్లడ్‌హౌండు, దాని తోడు లాఫాయెత్ అనే పొట్టికాళ్ల కుక్క. అక్కడ ఆజ్ఞలిచ్చేది నేనే అని నెపోలియన్ గారి నమ్మకం. పోనీ ఆస్టెరిక్స్ బొమ్మల కథల్లోని ఇదెఫిక్స్? పేరు భేషుగ్గా ఉంది, కానీ ఆ కుక్క పిడికెడంత. కొండంత ఒబెలిక్స్ వెనకాల గునగునా నడుస్తుంది. దానికా పేరు పెట్టింది రచయిత కాదు, 1960ల్లో 'పిలోత్' అనే ఫ్రెంచి వారపత్రిక పాఠకులకు పోటీ పెడితే వచ్చిందది. చూశారా, వారపత్రిక పాఠకులు తలుచుకుంటే ఎంత పని చెయ్యగలరో! ఎడిటరుగారు ఈ వాక్యం కొట్టెయ్యకుండా ఉంటే సంతోషం.

చివరికి నా తురుపు ముక్క తీశాను. వాల్జాఁ! విక్టర్ హ్యూగో 1862లో అచ్చేసిన 'లే మిజెరాబ్లు' నాయకుడు. తెలుగువాళ్లకు పరాయివాడు కాదు. పక్షిరాజా వారు కె. రామ్‌నాథ్ దర్శకత్వంలో 1950లో తీసిన 'బీదలపాట్లు' ఆ కథే, నాగయ్యగారు నాయకుడు. బండి కింద నలిగిపోతున్న మనిషిని భుజం ఆనించి కాపాడిన బలశాలి వాల్జాఁ. పైగా కథ మొదలయ్యేదే రొట్టె దొంగతనంతో. "మీవాడు నిన్ననేగా బ్రెడ్డు ప్యాకెట్టు ఎత్తుకుపోయాడు, ఇంకేం ఆలోచిస్తావురా!" అన్నాను.

మా వాడు ఒక్క క్షణం మెత్తబడ్డాడు. మళ్లీ ఎర్ర పెన్సిలు వైపు చూశాడు. "ఇంత పెద్ద కుక్కను పెంచేదే జనం భయపడాలనిరా" అన్నాడు.

అక్కడే మా ఇద్దరికీ మాటామాటా వచ్చింది. నా వాదన ఇదీ. 50 కిలోల కుక్కను చూసి భయపడమని జనానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పని దాని ఒళ్లే చేస్తుంది. పేరు కూడా అదే పని చేస్తే ఇక ఆ కుక్క తరఫున మాట్లాడటానికి ఎవరు మిగులుతారు?

నాకీ ఆలోచన పుస్తకంలోంచి రాలేదు, తెర మీంచి వచ్చింది. ఫ్రాన్సులో 'బెల్ ఎ సెబాస్తియాఁ' అని ఒక కథ ఉంది. సెసిల్ ఓబ్రీ అనే నటి రాసి, 1965లో టీవీ సీరియల్‌గా తనే తీసింది. 1950లో 'ది బ్లాక్ రోజ్' అనే హాలీవుడ్ సినిమాలో టైరోన్ పవర్ పక్కన నటించిన అమ్మాయే ఈవిడ. నటన వదిలి కలం పట్టి, సొంత కొడుకు మెహదీని సెబాస్తియాఁగా పెట్టి తీస్తే ఫ్రాన్సులో పిల్లాజెల్లా టీవీలకు అతుక్కుపోయారు. 2013లో నికొలా వానియే దాన్ని సినిమాగా తీసినప్పుడు, అప్పటి పిల్లాడు మెహదీ నడివయసు దాటినవాడై ఒక పాత్రలో కనిపించాడు. ఇలాంటివి చూస్తే సినిమావాళ్ల మీద ప్రేమ పెరుగుతుంది.

ఆ 2013 సినిమా మీరు చూడకపోతే చూడండి. కాలం 1943, యుద్ధం రోజులు, ఆల్ప్స్ కొండల్లో ఒక పల్లె. గొర్రెలు చస్తున్నాయి. చంపేది ఒక పెద్ద కుక్కేనని ఊరంతా తీర్మానించింది. తుపాకులు తీసుకుని బయల్దేరారు. దానికి వాళ్లు పెట్టిన పేరు 'బేత్'. అంటే మృగం. ఆ మృగం ఒంటరి పిల్లాడు సెబాస్తియాఁకి కొండ మీద ఎదురవుతుంది. మట్టి కొట్టుకుపోయిన ఒళ్లు, కొండంత ఆకారం. పైరెనీస్ పర్వతాల గొర్రెల కాపరి కుక్క అది, అసలు రంగు తెలుపు. పిల్లాడు దానికి పెట్టిన పేరు 'బెల్'. అంటే అందగత్తె.

బేత్, బెల్. రాతలో తేడా రెండక్షరాలు. ఫ్రెంచివాళ్లకు ఈ జంట మాటలతో పాత పరిచయం. కాక్తో 1946లో తీసిన 'లా బెల్ ఎ లా బేత్' అదే కదా, మనం బ్యూటీ అండ్ ది బీస్ట్ అంటాం. ఇక్కడ రెండు పేర్లూ ఒకే కుక్కవి. బేత్ అన్నవాడు తుపాకీ ఎత్తాడు. బెల్ అన్నవాడు దగ్గరికెళ్లాడు. (సినిమా రహస్యం ఒకటి. 1965 సీరియల్‌లో ఈ 'అందగత్తె' వేషం వేసింది ఫ్లాంకర్ అనే మగకుక్క. మన నాటకాల్లో స్థానం వారు గుర్తొచ్చారా?)

ఇదంతా మా వాడికి విడమరిచి చెప్పాను. కాఫీ రెండుసార్లు తాగాను. ఆఖరికి వాడు టీకాల కార్డు మీద ఎర్ర పెన్సిలుతోనే రాసుకున్నాడు: బూరో.

సరే, వాడి కుక్క, వాడిష్టం.

కానీ నెల తిరక్కుండానే వాళ్ల శ్రీమతి ఫోను. "అన్నయ్యగారూ, మీ బూరో సంగతి విన్నారా? వీధిలో అందరూ బుర్ర అంటున్నారు!" అంత పెద్ద తలకాయ ఎదురుగా కనిపిస్తుంటే బూరో అనే మాట తెలుగు నోట్లో ఇంకేమవుతుంది చెప్పండి? పాలవాడు బుర్ర అన్నాడు, ఇస్త్రీ అబ్బాయి బుర్ర అన్నాడు, ట్యూషను పిల్లలు గేటు సందులోంచి "బుర్రా, బుర్రా!" అని బిస్కెట్లు వేశారు. మా వాడు మొదట్లో కోప్పడి సరిదిద్దేవాడు. "బుర్ర కాదయ్యా, బూ...రో. ఫ్రెంచి!" అని. కుక్కే వాణ్ణి ముంచింది. బూరో అంటే తల తిప్పేది కాదు, బుర్రా అంటే చొంగ కార్చుకుంటూ పరుగెత్తుకొచ్చేది.

మా వాడు తెలుసుకోవలసినదొకటి వాడి ఇంటి అడ్రసులోనే ఉంది. మూసారాంబాగు అనే పేరు ఎలా వచ్చిందనుకున్నారు? నిజాం అలీఖాన్ కొలువులో రేమాఁ అనే ఫ్రెంచి సేనాని ఉండేవాడు. 1755లో నైరుతి ఫ్రాన్సులోని గాస్కనీ ప్రాంతంలో పుట్టాడు. అంటే ఈ కుక్కజాతిదీ ఆయనదీ ఒకే వైపు. ఇక్కడ సైన్యాన్ని తయారుచేశాడు, ఫిరంగులు పోయించాడు. ఇప్పటి గన్‌ఫౌండ్రీ పేరు ఆ కార్ఖానాదే. 1798లో ఇక్కడే కన్నుమూశాడు, ఊరికి తూర్పున గుట్ట మీద సమాధి ఉంది. ఫ్రెంచిలో ఆయన 'మస్యూ రేమాఁ'. జనం నోట్లో పడ్డాక ముస్లిములకు మూసా రహీం అయ్యాడు, హిందువులకు మూసా రాం అయ్యాడు. మూసా రాం పేరున మూసారాంబాగు! అంతటి జనరలుగారే సరిదిద్దుకోలేకపోయిన చోట మా మిత్రుడు కుక్క పేరు నిలబెడదామని బయల్దేరాడు.

ఇక 2025 మే నెల సంగతి. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

మిట్టమధ్యాహ్నం. నీళ్ల ట్యాంకరు వచ్చి వెళ్లింది, గేటు వెయ్యడం మరిచారు. మా వాడు ఆఫీసులో, వాళ్లావిడ మేడ మీద. మేం చూసుకునేసరికి బుర్ర వీధిలో ఉన్నాడు. అప్పటికి నిండా యాభై పైన కిలోలు. పొట్టి ముక్కు జాతి కాబట్టి ఎండకు ఊపిరాడదు వీటికి. నోరు బార్లా తెరిచి, నాలుక వేలాడేసి, చొంగ తీగలు సాగుతుండగా రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. తెలిసినవాడికి అది ఆయాసం. తెలియనివాడికి మీద పడబోతున్న పులి. ఎదురుగా వచ్చిన స్కూటరబ్బాయి బెదిరి బండితో సహా పడ్డాడు. ఎవరో కేక వేశారు. పక్కన కడుతున్న ఇంటి పనివాళ్లు ఇద్దరు వచ్చారు, ఒకడి చేతిలో ఇనుప కడ్డీ. వాళ్లు ఆ వీధికి కొత్త. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. నిజం ఒప్పుకుంటున్నాను, నాకు కాళ్లాడలేదు. కడ్డీ పైకి లేచింది.

అప్పుడు వినబడింది, మూలమీద కూరగాయలమ్మే అవ్వ గొంతు.

"ఓరి బుర్రా! గీ ఎండల నీకేం పనిరా? ఇటు రా బిడ్డా, నీళ్లు తాగు!"

బుర్ర చెవులు కదిలాయి. అంత శరీరాన్నీ నెమ్మదిగా తిప్పుకుని, కడ్డీ పట్టుకున్నవాడి ముందు నుంచే నడిచి వెళ్లి, తోపుడుబండి నీడలో ధబ్బున కూలబడ్డాడు. అవ్వ కూరలు తడిపే బకెట్టు ముందుకు నెట్టింది. సగం బకెట్టు తాగాడు, మిగతా సగం టమాటాల మీద కక్కాడు.

కడ్డీవాడు నవ్వాడు. "దీని పేరు బుర్రనా?" అన్నాడు. కడ్డీ దించి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం మా వాడు వచ్చాక అంతా చెప్పాం. టమాటాల డబ్బులు ఇచ్చి వచ్చాడు. చాలాసేపు మాట్లాడలేదు. బుర్ర పక్కన నేల మీద కూర్చుని దాని ముడతలు తుడుస్తూ ఉన్నాడు. ఈ జాతి కుక్కలు ఎక్కువ కాలం బతకవు, ఏడెనిమిదేళ్లు ఉంటే గొప్ప. ఆ సంగతి వాడికి తెలుసు.

మొన్న టీకా వేయించడానికి ఇద్దరం తీసుకెళ్లాం. పాత కార్డు చొంగలో తడిసి నానిపోయింది. డాక్టరుగారు కొత్త కార్డు తీసి, "పేరు?" అన్నారు.

నేను మా వాడి ముఖం చూశాను.

"బుర్ర" అన్నాడు. "ఫ్రెంచి పేరేనండీ, మా పేటలో అలాగే అంటారు."